చెరకు దీవిలో కూటి పరిశ్రమ

1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్ దీవిలో జరిగాయి. అంతకుముందూ ఆ తరువాతా ఆ దీవిని గురించి తెలుగులో వచ్చిన రచనలు చాలామట్టుకు ఒకే మూసలో పోసినట్లు వుంటాయి. అక్కడ ఉగాదికి ప్రభుత్వమే సెలవు ఇస్తుంది, సింహాద్రి అప్పన్న పూజ మానలేదు, రామభజన మరవలేదు, అప్పన్న, సన్యాసి వంటి పేర్లు ఫ్రెంచి వర్ణక్రమంలో ఇరుక్కొని కూడా బతికి వున్నాయి. ఇవన్నీ నిజమే. సంతోషించదగినవే. కాని భాషాభిమానంతో కండ్లు చెమర్చుకొనే మన పెద్దలు ఆ ఇంటి పూజగది దాకా వెళ్ళి, వంటగది గడప తొక్కకుండానే తిరిగి వస్తారు. ఆ పొయ్యిమీద వుడికే బియ్యం ఎక్కడివి? ఆ పిండి ఎవరు ఆడించారు? ఆ నూనె ఏ గింజది? ఈ ప్రశ్నలు వారికి తోచవు. తోచినా, అవి సంస్కృతికి సంబంధించినవి కావనుకుంటారు.

ఈ వ్యాసం ఆ ప్రశ్నల గురించే. సాహిత్య విమర్శ పత్రికలో పిండిమరల ప్రసంగమేమిటని ఆక్షేపించేవారు వుంటారు. కూలివాని భాషను నెత్తిన పెట్టుకొని, వాని కూటిని గాలికి వదిలే సంస్కృతీ ప్రేమకు అభ్యుదయ సాహిత్యంలో చోటు లేదన్నదే వారికి నా సమాధానం.

మారిషస్ తినే ఆహారంలో నాలుగింట మూడు వంతులు సముద్రం దాటి వస్తున్నది. బియ్యం, గోధుమ, పప్పులు, వంటనూనె, పాలపొడి - పేదవాని పళ్ళెంలో ముఖ్యమైనవన్నీ దాదాపుగా దిగుమతులే. జనం సుమారు పన్నెండున్నర లక్షలు. ప్రధాన దీవి వైశాల్యం 1,865 చదరపు కిలోమీటర్లు. అగ్నిపర్వతాలు పోసిన నేల. వానలు కురిసే వాతావరణం. అయినా తిండికి ఓడ రావలసిందే. అందుచేత "స్థానికంగా ఆహార పరిశ్రమలు పెంచాలి" అని అక్కడ అందరూ అంటున్నారు. ప్రభుత్వం అంటున్నది; తయారీదారుల సంఘం అంటున్నది; తరతరాలుగా చెరకు తప్ప మరొకటి పండించని ఎస్టేటు యజమానులు కూడా అంటున్నారు. దోచుకొనేవాడూ దోపిడీకి గురైనవాడూ ఒకే నినాదం చేస్తున్నప్పుడు, ఆ నినాదంలో ఎన్ని అర్థాలు దాగి వున్నవో విప్పి చూడటం అవసరం.

1

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. "దీవి అన్నాక తిండికి పరాయివారిమీద ఆధారపడక తప్పదు, అది భూగోళం నిర్ణయం" అని కొందరు పండితులు సెలవిస్తారు. భూగోళం అటువంటి నిర్ణయమేదీ చేయలేదు. చేసినవారి పేర్లూ తేదీలూ చరిత్రలో వున్నాయి.

మనుషులు స్థిరపడని ఆ దీవికి 1638లో డచ్చివారు వచ్చారు. 1639లో చెరకు తెచ్చారు. వారు వెళ్ళిపోయిన తరువాత ఫ్రెంచివారు వచ్చారు. 1735లో గవర్నరుగా వచ్చిన లాబూర్దొనే బానిసల కడుపు చవకగా నింపడం కోసం కర్రపెండలం నాటించాడు. అంటే బానిసల యజమాని కూడా, తనకు లాభం కనిపించినప్పుడు, ఆ నేలమీద కూడు పండించగలిగాడన్నమాట! 1810లో దీవి ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1825లో బ్రిటిషు ప్రభుత్వం మారిషస్ చక్కెరమీద సుంకాన్ని వెస్టిండీస్ చక్కెర సుంకంతో సమానం చేసింది. అంతే, చెరకు దీవిని మింగివేసింది. తరువాత ఒక కాలానికి సాగుభూమిలో నూటికి తొంభై వంతుల దాకా చెరకే అయింది.

1835లో బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం బానిసలకు కాదు, బానిసల యజమానులకు దక్కింది - సుమారు ఇరవై లక్షల పౌన్లు! బానిసల స్థానంలో ఒప్పందపు కూలీలు వచ్చారు. 1834 మొదలుకొని ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాల లోపల నాలుగున్నర లక్షలమందికి పైగా భారతీయులు ఆ దీవిలో దిగారు. మన గోదావరి, విశాఖ ప్రాంతాలవారు కోరంగి రేవులో ఓడ ఎక్కారు గనుక, అక్కడ తెలుగువారికి "కోరంగీలు" అనే పేరే పడింది. ఆ ఒప్పందాలలో జీతంతో పాటు బియ్యం, పప్పు, నూనె, ఉప్పు కొలతలు కూడా రాసి వుండేవి. ఒకనాడు పనికి రాకపోతే రెండునాళ్ళ కూలి కోసే "జోడు కోత" కూడా వుండేది. అది 1909 దాకా పోలేదు.

ఇక్కడ గమనించవలసింది ఆ బియ్యం కొలత. అది దయాధర్మం కాదు. కూలివాడు తన తిండి తాను పండించుకుంటే రెండు ప్రమాదాలున్నాయి: చెరకు నేల తగ్గుతుంది, పైగా సొంత గింజ వున్నవాడు దొర పిలవగానే పరుగెత్తి రాడు. బియ్యం ఓడలో తెచ్చి కొలిచి ఇస్తే నేలంతా చెరకుకు, మనిషి అంతా దొరకు దక్కుతారు. మనుషులనూ బియ్యాన్నీ దించిన రేవునుండే చక్కెర ఓడకెక్కింది. దిగుమతి తిండి అనేది చెరకు వ్యవస్థకు వచ్చిన జబ్బు అనుకుంటారు చాలామంది. నిజానికి అది ఆ వ్యవస్థకు వెన్నెముక.

ఈ మాటకు రుజువు రెండవ ప్రపంచయుద్ధం. 1942లో బర్మా జపానువారి వశమయింది; బియ్యం ఓడలు ఆగిపోయాయి. అప్పుడు అదే వలస ప్రభుత్వం చెరకు తోటలలో కొంత భాగాన తప్పనిసరిగా ఆహారపంటలు వేయాలని ఎస్టేట్లను ఆజ్ఞాపించింది. మొక్కజొన్న వచ్చింది, కర్రపెండలం వచ్చింది, చిలగడదుంప వచ్చింది. బియ్యానికి అలవాటుపడిన జనం ఇష్టం లేకపోయినా వాటినే తిన్నారు. ఆ కరువు రోజులలోనే, 1943 సెప్టెంబరు 27న, బెల్‌వూ హారెల్ ఎస్టేటులో సమ్మె చేసిన కూలీలమీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయిన నలుగురిలో అంజలై కూపెన్ అనే గర్భవతి వున్నది. యుద్ధం ముగిసింది. ఓడలు వచ్చాయి. చెరకు తన నేలను తాను మళ్ళీ ఆక్రమించుకున్నది. కాని ఒక సత్యం ఆ నాలుగేండ్లలో బయటపడింది: ఆజ్ఞాపించే అధికారం వుంటే ఆ నేల కూడు పండిస్తుంది.

2

ఇప్పటి "స్థానిక ఆహార పరిశ్రమ" సంగతి చూద్దాం. 2013లో అక్కడి తయారీదారుల సంఘం "మేడ్ ఇన్ మోరిస్" అనే ముద్ర ప్రవేశపెట్టింది. దేశీయ సరుకు కొనమని జనానికి చెప్పడంలో తప్పు లేదు. మన స్వదేశీ ఉద్యమం కూడా ఆ మాటే చెప్పింది. అయితే ముద్ర వెనుక సరుకు ఏమిటి?

మారిషస్ వీధులలో ధనికులూ పేదలూ, హిందువులూ ముస్లిములూ క్రియోలులూ అందరూ నిలబడి తినే వంటకం ఒకటున్నది. "డోల్‌పురి" అంటారు. పప్పు ఉడికించి, పొడి చేసి, పిండిలో కూరి, పలుచగా వత్తి, పెనంమీద కాలుస్తారు. మన బొబ్బట్టుకు తీపి లేని దాయాది అనుకోండి. పెద్ద చిక్కుడుగింజల కూర, టమాటా పచ్చడి, మిరపకాయల నూరుడు వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. జాతీయ వంటకమని పర్యాటక శాఖవారు కూడా పొగుడుతారు. ఈ జాతీయ వంటకాన్ని విడదీసి చూడండి. గోధుమ బయటినుండి వచ్చింది. రేవు పక్కన మిల్లులో ఆడించారు. పప్పు బయటినుండి వచ్చింది. ముడినూనె బయటినుండి వచ్చింది. అక్కడ శుద్ధి చేసి సీసాలలో నింపారు. దీవి నేలలో పుట్టినవి టమాటా, కొత్తిమీర, మిరపకాయ - తక్కినది అమ్మే మనిషి శ్రమ.

కోడి సంగతి మరీ విచిత్రం. కోడిమాంసంలో, గుడ్లలో దేశం స్వయంసమృద్ధి సాధించిందని అక్కడి ప్రభుత్వాలు గర్వంగా చెప్పుకుంటాయి. ఆ మాట అబద్ధం కాదు. కాని ఆ కోడి తినే మొక్కజొన్న, సోయా ఓడలో వస్తాయి. ఓడ రాకపోతే కోడి లేదు. నేతిబీరకాయలో నేయి ఎంతో, ఈ స్వయంసమృద్ధిలో స్వయం అంత!

ట్యూనా చేప సంగతి దీనికి తలకిందులు. హిందూ మహాసముద్రంలో ట్యూనాను ఎక్కువగా స్పెయిన్, ఫ్రాన్సు దేశాల పెద్ద ఓడలు పడతాయి. మారిషస్ కర్మాగారాలలో డబ్బాలకెక్కించి ఐరోపాకు పంపుతారు. చుట్టూ సముద్రం వున్న దేశంలోని పేదవాడు మాత్రం దిగుమతి అయిన డబ్బాచేప కొనుక్కుంటాడు. చేప వారిది కాదు, ఓడ వారిది కాదు, తినే నోరూ వారిది కాదు; చేప శుభ్రం చేసే చేతులు మాత్రం "స్థానికం".

ఆ చేతులైనా స్థానికమేనా? బట్టల మిల్లులలో, రొట్టె బట్టీలలో నేడు బంగ్లాదేశ్, నేపాల్, భారత దేశాలనుండి ఒప్పందంమీద వచ్చిన కూలీలు పనిచేస్తున్నారు. నాలుగున్నర లక్షలమంది ఒప్పందపు కూలీలు దిగిన రేవు మెట్లను 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించి దండలు వేశారు. ఆ మెట్లకు కూతవేటు దూరంలో కొత్త ఒప్పందాలు సంతకమవుతున్నాయి.

కాబట్టి వాదం స్పష్టంగా చెప్పుకుందాం. ఈ కర్మాగారాలు అక్కరలేదని నేననడం లేదు. గోధుమపిండిని దిగుమతి చేసుకోవడం కంటె గోధుమను తెచ్చి ఆడించుకోవడం మేలు. కొన్ని ఉద్యోగాలు, కొంత నైపుణ్యం మిగులుతాయి. కాని అది దిగుమతికి చివరి మజిలీ మాత్రమే. బయటి వర్తకుని లాభంలో ఒక ముక్క కోసి దేశంలోని వర్తకునికి ఇచ్చినంత మాత్రాన దేశానికి ఆహారపరిశ్రమ ఏర్పడదు. 2020లో ఆ సంగతి అందరికీ తెలిసింది. కోవిడ్ కారణంగా మార్చిలో దేశం మూతపడింది. కొన్నాళ్ళు పెద్ద దుకాణాలు కూడా మూసివేశారు. ఏప్రిల్ మొదట్లో తెరిచినప్పుడు ఇంటిపేర్ల అక్షరక్రమాన వంతులు వేసి జనాన్ని లోపలికి పంపారు. 2023 జులైలో భారత ప్రభుత్వం సాధారణ తెల్లబియ్యం ఎగుమతి నిషేధించింది. ఆగస్టులో ప్రత్యేక అనుమతి మీద మారిషస్‌కు 14,000 టన్నులు కేటాయించింది. ఒక స్వతంత్ర దేశం అన్నం తినడానికి మరో దేశపు వాణిజ్య శాఖ ఉత్తర్వు కోసం ఎదురుచూసింది. ఆ రోజున మిల్లు గోడమీద ఏ ముద్ర వుంటే ఏం ప్రయోజనం?

3

ఇక ఆర్థికశాస్త్ర పండితుల వాదం. "ఎవరికి ఏది చవకగా చేయడం వచ్చునో వారు అది చేసి, తక్కినది కొనుక్కోవాలి. మారిషస్‌కు చక్కెర, బట్టలు, పర్యాటకం వచ్చు. ఆ డబ్బుతో బియ్యం కొంటే చౌక" అంటారు. వినడానికి ఇంపుగా వుంటుంది. కాని ఎవరికి చౌక? ఇంగ్లండులో ధాన్యం సుంకాల రద్దుకోసం మిల్లు యజమానులు కార్మికుల రొట్టె పేరు చెప్పి పోరాడారు, 1846లో గెలిచారు. చౌక రొట్టె వెనుక చౌక కూలి వున్నదని మార్క్సు 1848 జనవరిలో బ్రస్సెల్స్ ప్రసంగంలో ఎండగట్టాడు. మారిషస్‌లో ఆ ధర్మం మరింత నగ్నంగా పనిచేసింది. 1982లో ఏర్పడిన ప్రభుత్వ వాణిజ్య సంస్థ బియ్యం, గోధుమపిండి తెప్పించి, సబ్సిడీ ధరకు అమ్ముతున్నది. పేదవానికి అది ప్రాణాధారం. దాన్ని తీసివేయమనేవాడు ప్రజాశత్రువు. కాని ఖజానా డబ్బుతో చవకైన ఆ దిగుమతి తిండిమీదనే చెరకు తోటల కూలీ, ఎగుమతి మిల్లుల కూలీ అంత తక్కువలో నిలబడగలిగింది. కూలివాని పేర ఇచ్చిన సబ్సిడీలో సగం యజమాని జేబుకే చేరింది.

పైగా, అమ్మకం ధర మన చేతిలో వుంటే కదా కొనుగోలు ధర గురించి ధైర్యం! 1975లో లోమే ఒప్పందపు చక్కెర షరతు ప్రకారం యూరపు ఏటా సుమారు ఐదు లక్షల టన్నుల చక్కెరను హామీ ధరకు కొన్నది. 2006లో ఆ ధరకు కోత మొదలుపెట్టి, కొద్ది సంవత్సరాలలో నూటికి 36 వంతులు తగ్గించింది. 2009లో ఒప్పందమే ముగిసింది. ఆ వెంటనే ప్రపంచంలో తిండిగింజల ధరలు మండాయి. మన సామెత ఆ దీవికి సరిగ్గా అతుకుతుంది: అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

సుంకాలు ఎత్తివేస్తే అంతా సర్దుకుంటుందని మరో మంత్రం. 2005లో వచ్చిన ప్రభుత్వం దేశాన్నే "సుంకం లేని దీవి" చేస్తానన్నది. అలా చేసినవారి గతి చూడాలంటే కరిబియన్ సముద్రంలో హైతీని చూడండి. 1995లో బియ్యంమీద సుంకాన్ని నూటికి 50 నుండి 3కు దించారు. ప్రభుత్వ సహాయంతో పండిన అమెరికా బియ్యం వెల్లువలా వచ్చి పడింది. హైతీ వరిరైతు మునిగిపోయాడు. ఆ విధానాన్ని నెత్తిన రుద్దిన అధ్యక్షుడు క్లింటన్ 2010లో అమెరికా సెనేటు సంఘం ముందు అది తప్పని ఒప్పుకున్నాడు. ఒప్పుకోలుతో పొలాలు తిరిగి రాలేదు.

మూడవ వాదం కొంత గట్టిది; దాన్ని తేలికగా కొట్టివేయరాదు. దీవికి తుపానులున్నాయి. 1960 ఫిబ్రవరిలో కారోల్ తుపాను దేశాన్ని నేలమట్టం చేసింది. 2024 జనవరిలో బెలాల్ రాజధాని వీధులనే ఏరు చేసింది. చెరకు వంగి లేస్తుంది గాని, కూరగాయల మడి కొట్టుకుపోతుంది; అందుకే చెరకు అంటారు. నిజమే. కాని ఈ వాదం నుండి తేలేదేమిటి? కర్రపెండలం, చిలగడదుంప నేల లోపల పెరిగేవి. పైగా తుపాను దేశానికి అసలు కావలసింది నిలవచేసే పరిశ్రమ. పండినప్పుడు ఎండబెట్టి, పిండి చేసి, ఊరబెట్టి, డబ్బాలకెక్కించి దాచుకుంటే తుపాను మరునాడు కూరగాయలకు బంగారం ధర రాదు. తుపాను వున్నది గనుక చెరకు అన్నవారు, తుపాను వున్నది గనుకనే ఆహారపరిశ్రమ అని ఎందుకు అనరు?

కొందరు మిత్రులు మరో అంచుకు పోతారు: అంతా అక్కడే పండించుకోవాలి, ఒక్క గింజ కూడా కొనరాదు అని. అది కూడా పొరపాటే. పన్నెండు లక్షలమందికి సరిపడే వరి, గోధుమ ఆ దీవిలో పండవు. బియ్యం కొంటారు, కొనాలి. ఎంత కొనాలి, ఎవరి షరతులమీద కొనాలి, ఓడ ఆగితే ఎన్ని నెలలు నిలవాలి - ప్రశ్న అది. నాలుగింట మూడు వంతులు పరాధీనంగా వున్నవాడు బేరమాడలేడు. సగమైనా సొంతంగా వున్నవాడు బేరమాడగలడు.

4

మరి అడ్డం ఏమిటి? భూమి లేదనడం అబద్ధం. చక్కెర ధర పడిపోయిన తరువాత చిన్న రైతులు వదిలేసిన వేలాది ఎకరాలు బీడు పడి వున్నాయి. ఒకప్పుడు ఇరవైకి పైగా వున్న చక్కెర మిల్లులు మూడుకు దిగాయి. ఎస్టేట్ల భూమి మాత్రం ఎస్టేట్లదే. 2002 నుండి వచ్చిన పథకాల కింద, 2015లో వచ్చిన "స్మార్ట్ సిటీ" పథకం కింద, ఆ చెరకు నేలలో విదేశీ ధనికులకు విలాస భవనాలు, గోల్ఫు మైదానాలు లేస్తున్నాయి. ఆజ్ఞాపించేవాడు లేకపోతే నేల చెరకునుండి కూటికి కాక గోల్ఫుకు పోతుంది.

పంట లేదనడం కూడా అబద్ధం. చెరకు వరుసల మధ్య బంగాళాదుంప వేసి మంచి దిగుబడి తీసిన అనుభవం అక్కడి రైతుకు వున్నది. మాయెబూర్ పట్టణంలో 1870 నుండి ఒక చిన్న కార్ఖానా కర్రపెండలంతో బిస్కత్తులు చేస్తున్నది. నూట యాభై ఏండ్లకు పైగా! గోధుమ లేకుండా బిస్కత్తు వస్తుందని రుజువు చేయడానికి ఇంకెన్ని శతాబ్దాలు కావాలి? మన సామర్లకోట చుట్టుపక్కల కర్రపెండలంతో సగ్గుబియ్యం మిల్లులు నడవడం తెలుగువారికి తెలిసినదే. దుంప పరిశ్రమ కాగలదన్నదానికి అంత దూరం పోనక్కర లేదు.

అయితే ఒక్క బిస్కత్తు కార్ఖానా వందగా ఎందుకు పెరగలేదు? "కొనే మిల్లు లేదు గనుక వేయను" అంటాడు రైతు. "పంట లేదు గనుక మిల్లు పెట్టను" అంటాడు పెట్టుబడిదారు. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదన్నట్లు వున్నది వ్యవహారం. ఈ ముడి మార్కెటు విప్పదు. విప్పుతుందని పండితులు ఉపన్యసిస్తూనే వుంటారు.

అసలు రహస్యం ఇక్కడే వున్నది. చెరకు విషయంలో ఆ ముడిని ఎవరు విప్పారు? మార్కెటా? ఎంతమాత్రం కాదు! అమ్మకానికి 1919 నుండి సిండికేటు వున్నది. ఎవరి చక్కెరనైనా కలిపి అమ్మి, వాటా ప్రకారం డబ్బు పంచుతుంది. తుపానుకు, అనావృష్టికి 1946 నుండి బీమా నిధి వున్నది. విత్తనానికీ తెగుళ్ళకూ 1953 నుండి ప్రత్యేక పరిశోధనా సంస్థ వున్నది. ధరకు 1975 నుండి 2009 దాకా యూరపు హామీ వుండేది. కూలీలను తేవడానికి సామ్రాజ్యమే వుండేది. కొనుగోలు హామీ, ధర హామీ, బీమా, పరిశోధన, సమష్టి అమ్మకం - ప్రణాళిక అంటే ఇంకేమిటి? చెరకు యజమానులకోసం నూరేండ్లపాటు ప్రణాళికాబద్ధ ఆర్థికవ్యవస్థ నడిపినవారు, కర్రపెండలం రైతు వచ్చి చేయి చాచగానే స్వేచ్ఛా మార్కెటు పాఠం చెబుతున్నారు!

అందుచేత అక్కడి ప్రజల కోర్కె కొత్త సిద్ధాంతమేమీ కానక్కర లేదు. చెరకుకు ఇచ్చినదంతా కూటికి ఇవ్వండి అని అడిగితే చాలు. వదిలేసిన భూములను, ఎస్టేట్ల బీడునూ చిన్నరైతుల, కూలీల సహకార సంఘాలకు అప్పగించాలి. కర్రపెండలం, మొక్కజొన్న, పప్పుధాన్యాలు, దుంపలు, పండ్లు - వీటికి విత్తకముందే ధర ప్రకటించాలి. పిండిమరలు, ఎండబెట్టే కేంద్రాలు, శీతల గిడ్డంగులు ఆ సంఘాల ఆస్తిగా వుండాలి. రొట్టె పిండిలో, కోళ్ళ దాణాలో స్థానిక గింజ ఇంత వుండి తీరాలని చట్టం చేసి, ఏటేటా ఆ పాలు పెంచాలి. కొత్త పరిశ్రమ కాళ్ళమీద నిలబడేదాకా సుంకం అడ్డం పెట్టాలి. ప్రభుత్వ వాణిజ్య సంస్థ విదేశాలలో టెండర్లు పిలవడంతో సరిపెట్టుకోకుండా, దీవి రైతు గింజకు మొదటి కొనుగోలుదారు కావాలి. పొలంలోనూ మిల్లులోనూ పనిచేసే విదేశీ కూలీకి అక్కడి కార్మికునితో సమానమైన వేతనం, సంఘం పెట్టుకొనే హక్కు వుండాలి. లేకపోతే పాత తోట స్థానంలో కొత్త తోట వెలిసినట్లే.

ఇవి సాధ్యం కావని పెదవి విరిచేవారికి ఒక మాట. భూమిమీద యాజమాన్యం కదలకుండా ఇవి సాధ్యం కావన్నది నిజమే. అందుకే ప్రభుత్వాలు ముద్రలూ, ప్రదర్శనలూ, ఉపన్యాసాలతో కాలక్షేపం చేస్తున్నాయి. 1982 ఎన్నికలలో ప్రధాన దీవిలోని అరవై స్థానాలూ సోషలిజం పేరు చెప్పిన కూటమికే దక్కాయి. మరుసటి సంవత్సరమే ఆ కూటమి చీలింది. ఎస్టేట్ల పొలిమేర రాయి ఒక్కటి కదలలేదు. ఓట్లు మాత్రమే చాలవని అంతకంటె మంచి పాఠం అక్కరలేదు. ఆ దీవిలో "లలిత్" అనే వామపక్ష పార్టీ చెరకు భూములను ఆహారపంటలకూ, వాటిమీద ఆధారపడే పరిశ్రమలకూ మళ్ళించాలని చాలాకాలంగా అడుగుతున్నది. పేరు చూసి లాలిత్యం అనుకోకండి. అక్కడి క్రియోల్ భాషలో ఆ మాటకు అర్థం పోరాటం. వారి సంఖ్య చిన్నది. కాని వారు అడిగే ప్రశ్న - ఎవరి నేల, ఎవరి గింజ, ఎవరి మిల్లు - ఆ దీవిలో అన్ని ప్రభుత్వాలూ తప్పించుకు తిరిగిన ప్రశ్న.

5

తెలుగు విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఇందులో పనేమిటి? కోరంగి రేవు పాడుపడింది. దాని పక్కనే కాకినాడ రేవు వున్నది. ఒకనాడు మనుషులను ఎగుమతి చేసిన తీరం నేడు బియ్యం ఎగుమతి చేస్తున్నది. ఆఫ్రికా దేశాలకు ఓడలకొద్దీ పంపుతున్నది. అంతవరకు మనకు గర్వంగా వుంటుంది. కాని అదే కాకినాడలో దిగుమతి అయిన ముడి పామాయిలును శుద్ధి చేసి దేశంలో అమ్మే కర్మాగారాలున్నాయి. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుండి వస్తున్నది. వేరుశనగ, నువ్వు పండే దేశంలో గానుగ మూలపడి, రేవు పక్కన శుద్ధి కర్మాగారం లేచినప్పుడు మనమెవరమూ దాన్ని దిగుమతి అనలేదు, పారిశ్రామికాభివృద్ధి అన్నాం. దీవి కానంత మాత్రాన మనం ఈ చిక్కులో లేమనుకోవడం భ్రమ.

కనుక మారిషస్ తెలుగువారి గురించి ఇకమీద రాసే మిత్రులు భజన పాటలతో పాటు బియ్యం బస్తాను కూడా తిప్పి చూడాలని నా కోరిక. ఆ బస్తామీద ఏ రేవు పేరున్నదో చదవాలి. తాతలు కూలికి బదులుగా కొలిపించుకున్న బియ్యం, మనుమలు డబ్బిచ్చి కొనుక్కుంటున్న బియ్యం - రెండింటినీ ఒకే చెరకుతోట కథగా రాయగలిగినవాడే ఆ ప్రజలకు చుట్టం. ఆ కథ రాయాలంటే ముందు తోట యజమాని పేరు చెప్పడానికి భయపడకూడదు.